కెమిరెంబే డోలీ

రువాంగా కొండమీద ఎవరికి పురిటినొప్పులు ముదిరినా, ఎవరికి జ్వరం తలకెక్కినా, ఎవరి ఊపిరి ఆగినా, ఆ ఇంటివాళ్ళు మొదట పరుగెత్తేది రుటరో గుమ్మానికి. ఉగాండా నైరుతి మూలన, మబ్బులు ముంగిళ్ళలోకి నడిచివచ్చే ఆ కొండలకు రోడ్డు లేదు. రోడ్డు వేయిస్తామని ఎన్నికల ముందు పెద్దమనుషులు పలికిన పలుకులు అచ్చయిన పత్రికలు ఉన్నాయి. రోడ్డు మాత్రం లేదు. అందుచేత అక్కడ మనుషుల్ని మనుషులే మోస్తారు. కొండతీగతో పడవలా అల్లిన డోలీ, దానికి రెండు పక్కలా వెదురు బొంగులు, ఆ బొంగుల కింద నాలుగు భుజాలు. ఆసుపత్రికి వెళ్ళాలన్నా గోతిలోకి దిగాలన్నా వాహనం అదే.

ఆ డోలీలు అల్లేవాడు, చెడితే బాగుచేసేవాడు, తన చూరు కింద వాటిని భద్రపరిచేవాడు రుటరో. కొండమీది ప్రతి ఇంటి మగవాడూ డోలీ సంఘంలో సభ్యుడు. పిలిస్తే వచ్చి భుజం పట్టాలి. పట్టని ఇంటి శవాన్ని ఇంకెవరూ ముట్టరు. కాగితం మీద లేకపోయినా ఆ సంఘానికి కట్టుబాట్లు ఉన్నాయి. డోలీ కావాలని వచ్చినవాడికి లేదనకూడదు. ఎవరికోసమని అడగకూడదు, అడిగితే రోగి పేరును మృత్యువు చెవిన వేసినట్టే. రోగి బతికి బయటపడితే లోపల పరిచిన గడ్డితో సహా డోలీని తెచ్చి ఇస్తారు. పోతే, వాగులో శుభ్రంగా కడిగి తెస్తారు. చూరుకు వేలాడదీసేటప్పుడు చేతికి తడి తగిలితే రుటరో టోపీ తీసి ఒక్క నిమిషం నిలబడేవాడు. పొడిగడ్డి నెత్తిన రాలితే, ఇంట్లోకి కేకేసి జొన్నకల్లు తెప్పించేవాడు.

ఆ కేక అందుకుని కల్లు ముంత పట్టుకొచ్చే మనిషి కెమిరెంబే, అతని భార్య. ఆ కాలంలో పెళ్ళికూతురు నేల తొక్కి అత్తవారింటికి రాకూడదు కనుక ఆమె కూడా డోలీలోనే వచ్చింది. తన పెళ్ళి డోలీని రుటరో తనే అల్లుకున్నాడు. మోసినవాళ్ళలో ఆమె తమ్ముడు బన్యెంజా ఒకడు. అప్పటికి మీసం కూడా రాని ఆ కుర్రవాడు గుమ్మంలో డోలీ దించి, భుజం రుద్దుకుంటూ, "బావా, మా అక్క ఇంత బరువుండదు. రాళ్ళేవన్నా పెట్టి అల్లావా?" అన్నాడు. ఆ మాట ఆ ఇంట్లో చాలాకాలం నవ్వుల్లో నలిగింది.

వాళ్ళకు తుషబే అనే కూతురు పుట్టింది. పెరిగి, ఆ కొండమీదనే పెళ్ళి చేసుకుంది. ఆ తరవాత చాలా ఎడంగా, ఇక పిల్లలు లేరనుకున్న వయసులో, అకంపా పుట్టాడు. నడక వచ్చిన పిల్లవాడు పరుగు నేర్వకముందే జ్వరం వచ్చింది. కొండలో అందరూ పోసే ఆకుపసరే కెమిరెంబే పోసింది. తగ్గకపోతే డోలీ ఎత్తారు. వానకు వాగు పొంగి వంతెన దుంగలు కొట్టుకుపోయాయి. ఒడ్డున కాచుకుని ఉండగానే డోలీలోని పిల్లవాడు కదలడం మానేశాడు. ముందు బొంగు రుటరో భుజం మీదే ఉంది.

పరామర్శకు వచ్చిన ప్రతివారూ మంచివారే. ప్రతివారూ ఏదో ఒక మాట అన్నారు. ఒక పూట ముందు బయల్దేరి ఉంటే బాగుండేది అన్నారు కొందరు. పసరు వికటించిందేమో అన్నారు ఇంకొందరు. ఊటబావి దగ్గర ఆడవాళ్ళు తమలో తాము అనుకున్న మాటలు కూడా కుండలతోపాటు ఇళ్ళకు చేరాయి. కెమిరెంబే బావికి వెళ్ళడం మానుకుంది. అంగట్లో ఆమె కనబడగానే మాటలు ఆగేవి, దాటగానే మొదలయ్యేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎదురుకొండ కిటోజో నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. తెల్లటి తలగుడ్డలు, చేతిలో ఏ పుస్తకమూ లేదు. కెమిరెంబే ముంగిట్లో చాపమీద కూర్చుని, ఆమె ముందున్న పచ్చి అరటికాయలు తమ ముందుకు లాక్కుని, తొక్క తీయడం మొదలుపెట్టారు. సాయంత్రందాకా కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడూ వచ్చారు. మర్నాడూ మాట్లాడలేదు.

కిటోజో మీద కడపటి గంట సంఘం అని ఒకటి వెలిసి అప్పటికి కొన్నేళ్ళయింది. చర్చివాళ్ళు తీసివేసిన గొంజాగా అనే బోధకుడు దానికి ప్రవక్త. లోకం ముగియబోతోందని, నాలుక కదిలితే అబద్ధం పుడుతుందని, అబద్ధం అంటిన నోటితో పరలోకం చేరలేరని అతని బోధ. సంఘంలో చేరినవాళ్ళు నోరు మూసుకుని చేతి సైగలతో బతకాలి. అతను ఒక్కడే మాట్లాడతాడు. జనం దానికి పెట్టిన పేరు మూగల కొట్టం.

కెమిరెంబే ఎందుకు వెళ్ళిందో తెలియడానికి మహా పాండిత్యం అక్కర్లేదు. అందరి మాటలూ ఆమెను కొరికాయి, మాటలేని చోటికి వెళ్ళింది. వెళ్ళిన పొద్దున రుటరో తీగ చీలుస్తున్నాడు. చిన్న మూట పట్టుకుని ముంగిట్లోంచి నడిచి పోతూ ఆమె అతని దగ్గర ఆగింది.

"ఎన్నాళ్ళుంటావు అక్కడ?" అన్నాడు.

"ఇక్కడ నేను వాడికోసం ఏడిస్తే కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు," అంది. అతను ఆమె గొంతు వినడం అదే చివరిసారి.

తరవాత రెండు మూడుసార్లు కిటోజో వెళ్ళాడు. దడి అవతలినుంచి చూడనిచ్చారు. ఆమె చిక్కింది, కానీ ముఖం తేటపడింది. ఆ తేటదనం చూసి అతను కోపం తెచ్చుకోలేకపోయాడు. తినమని వేయించిన జొన్నల పొట్లం దడిమీదుగా ఇస్తే, అందుకుని పక్కనున్న పిల్లల చేతుల్లో పోసింది.

మూగల కొట్టంలో డోలీలు అల్లేవాళ్ళు లేరు. అవసరం పడినప్పుడు వాళ్ళ మనుషులూ రుటరో ఇంటికే వచ్చేవారు. గుమ్మంలో నిలబడి చూరుకేసి చూపించేవారు. కట్టుబాటు ప్రకారం అతను దించి ఇచ్చేవాడు, ఎవరికోసమని అడిగేవాడు కాదు. అడిగినా వాళ్ళు చెప్పేవారు కాదు. మొదట్లో డోలీ ఎప్పుడో ఒకసారి వెళ్ళేది, గడ్డితో తిరిగివచ్చేది. ఆ ఏడాది జొన్నలు గింజపట్టే వేళకు తరచుగా వెళ్ళసాగింది. వచ్చిన ప్రతిసారీ తడిగా వచ్చింది.

రుటరో టోపీ చేతబట్టుకుని మండలాధికారి కచేరీకి నడిచివెళ్ళాడు. అక్కడ జరిగింది రువాంగాలో ముసలివాళ్ళు ఈనాటికీ పళ్ళు నూరుతూ చెబుతారు.

"డోలీలు కడిగి తెస్తున్నారు దొరా," అన్నాడు రుటరో.

"మంచిదే కదా. శుభ్రం నేర్చుకున్నారు."

"అది కాదు దొరా. కడిగారంటే మనిషి పోయినట్టు. చాలామంది పోతున్నారక్కడ."

అధికారి పక్కనున్న గుమాస్తా వైపు చూసి నవ్వాడు. "రాసుకోవయ్యా. డోలీ తడిసిందని ఫిర్యాదు. వాన మీద కేసు పెడదాం." తరవాత, గొంజాగాగారి సంఘం పన్నులు సక్రమంగా కడుతోందనీ, అక్కడ తాగుడూ తగవులూ లేవనీ, భార్య విడిచిపోయిన మగవాడి దుగ్ధ తను అర్థం చేసుకోగలననీ చెప్పి పంపేశాడు. ఆ అధికారికి ఆ తరవాత పై జిల్లాకు బదిలీ అయింది, పై హోదాలో.

జొన్నకోతల నడుమ ఒక పొద్దున కిటోజో మీద పొగ లేచింది. చెత్త తగలబెడుతున్నారనుకున్నారు మొదట. గాలి ఇటు తిరిగాక అది చెత్త కాదని తెలిసింది. రువాంగా మగవాళ్ళందరూ ఉన్న డోలీలన్నీ ఎత్తుకుని పరుగెత్తారు. ప్రార్థనశాల తలుపులు బయటినుంచి మేకులు కొట్టి ఉన్నాయి. కప్పు కూలింది. డోలీలో పడుకోబెట్టడానికి ఆకారం మిగిలిన మనిషి ఒక్కరూ లేరు.

పోలీసులు వచ్చి తాడు కట్టారు. మర్నాడు మట్టితోడే పెద్ద యంత్రం తెచ్చారు. కిటోజోకి రోడ్డు పడింది ఆ యంత్రం కోసమే. అది గొయ్యి తీసింది, అదే ఊడ్చింది, అదే పూడ్చింది. జైలునుంచి తెచ్చిన ఖైదీలు ముక్కులకు గుడ్డలు కట్టుకుని పనిచేశారు. భుజాలు ఉన్న వందలమంది మగవాళ్ళు తాడు ఇవతల ఖాళీ డోలీలతో నిలబడి చూశారు. పేర్లు అడిగినవాడు లేడు. ఎంతమంది పోయారన్నదానికి ఏ రెండు పత్రికలూ ఒక అంకె వేయలేదు. విచారణ సంఘాన్ని నియమిస్తున్నామన్న ప్రకటన మొదటి పేజీలో వచ్చింది. ఆ సంఘం కూర్చున్నట్టుగానీ లేచినట్టుగానీ ఏ పేజీలోనూ రాలేదు.

చచ్చినవాళ్ళ గురించి ఎవరూ ఏమీ తేల్చలేదు కనుక, అందరూ అన్నీ చెప్పారు. భక్తి ముదిరి తమను తామే కాల్చుకున్నారని పోలీసులు మొదట అన్నారు. ఆ తరవాత పడకగదుల నేల కింద, చిలగడదుంపల మడుల కింద, అంతకుముందే పూడ్చిన శవాలు బయటపడ్డాయి. అప్పుడు ఇది హత్య అన్నారు. తలుపుకు మేకులు బయటినుంచి కొట్టి ఉన్న సంగతి అప్పటిదాకా వాళ్ళకు కనబడలేదు కాబోలు. కంపాలానుంచి వచ్చిన ఆచార్యుడు పేదరికం, రోగాలు, యుద్ధాల శిథిల స్మృతి అని మూడు ముక్కల్లో తేల్చి, మధ్యాహ్నానికి తిరిగి బండెక్కాడు. విదేశీ విలేఖరులు ఈ ఖండపు స్వభావమే అంత అని రాశారు. తమ దేశాల్లో ఇలాంటివి జరిగినప్పుడు ఆ రాతలే మనోవ్యాధి అన్న మాట వాడాయి. సైతాను పని అన్నాడు ఫాదిరీ. సైతానును అరెస్టు చేయనవసరం లేదు గనక అది అందరికీ అనుకూలంగా ఉంది.

కల్లు ముంతల చుట్టూ పుట్టిన కథ వేరు. గొంజాగా చావలేదట. ప్రార్థనశాలకు వెనక దొడ్డిదారి ఉందట. నిప్పంటించకముందే తనకు కావలసిన మనుషుల్ని ఏరుకుని, అడవి దాటించి కాంగో తీసుకుపోయాడట. అక్కడ బంగారం తవ్విస్తున్నాడని ఒకరు, ఇంకో సంఘం పెట్టాడని ఒకరు. సరిహద్దు అవతల తెల్ల తలగుడ్డలు చూశామన్న లారీ డ్రైవర్లు ప్రతి సంతలోనూ తగిలేవారు. పోలీసుల మాటలో, ఆచార్యుడి మాటలో, ఫాదిరీ మాటలో కెమిరెంబే చచ్చిపోయింది. ఈ ఒక్క కథలోనే బతికి ఉంది. రువాంగాలో మిగతా ఇళ్ళనుంచి కిటోజో వెళ్ళినవాళ్ళ సంగతీ అంతే. అందుచేత ఆ కొండమీద ఆ కథే నిలిచింది.

శవం దొరకని మనిషికి ఏం చేయాలో ఆ కొండవాళ్ళకు తెలుసు. నిండైన అరటి బోదెను నరికి, గుడ్డ చుట్టి, పోయిన మనిషి పేరు దానికి చెప్పి, డోలీలో మోసి, ఇంటి పక్క అరటితోటలో పాతిపెడతారు. అప్పుడే చావు ముగుస్తుంది. అంతవరకూ ఆ ఇంట్లో ఎవరికోసమూ గొంతెత్తి ఏడవకూడదు. అయితే బతికి ఉన్న మనిషి పేరు చెప్పి బోదెను పాతిపెడితే, బోదె కుళ్ళేలోపల ఆ మనిషి ఎక్కడున్నా చిక్కి చచ్చిపోతుంది. పాతినవాళ్ళే చంపినట్టు. ఆ భయంతో రువాంగాలో ఒక్క బోదె కూడా పాతలేదు. ఏళ్ళు గడిచాయి. ఇంటింటా చావు ఉంది, ఒక్క ఇంట్లోనూ ఏడుపు లేదు.

రుటరో డోలీలు అల్లుతూనే ఉన్నాడు. రాగిసంకటి తనే కెలుక్కునేవాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోమన్నవాళ్ళతో, "ఆవిడొచ్చి నిన్ను కొడుతుంది, నన్ను కాదు," అని నవ్వేవాడు. తుషబే అప్పుడప్పుడూ వచ్చి ఇల్లు అలికి వెళ్ళేది. ఒకనాడు అలుకుతూ అలుకుతూ మధ్యలో ఆగిపోయింది.

"నాన్నా, నేను మా అత్తారింట్లో పొయ్యి దగ్గర పొగ పెట్టుకుని ఏడుస్తున్నా. కళ్ళు మండాయని చెప్పడానికి. నా పిల్లలు కూడా కనిపెట్టేశారు. నాకు ఏడవడానికి ఒక చోటు చూపించు."

"బతికుంటే?"

"బతికుంటే ఇన్నేళ్ళకి ఒక్కసారన్నా నాకోసం రాదా?"

 రుటరో ఆ రోజే బోదె నరికేవాడేమో, అంతలో బన్యెంజా ఆయాసపడుతూ వచ్చాడు. ఒకప్పటి మీసం రాని కుర్రవాడికి ఇప్పుడు గడ్డం నెరిసింది. సరిహద్దు అవతలి సంతలో మాట్లాడని ఆడమనిషి ఒకతె చిలగడదుంపలు అమ్ముతోందట. అన్నీ చేతి సైగలేనట. తెల్ల తలగుడ్డట. వయసు కూడా సరిపోతుందట.

"నువ్వు చూశావా?" అన్నాడు రుటరో.

"చూసినవాణ్ణి చూశాను బావా."

తుషబే ముఖం పక్కకు తిప్పుకుంది. రుటరో కాసేపు చీల్చిన తీగను చుట్టలు చుట్టాడు. "వెళ్ళొస్తాను," అన్నాడు చివరికి. "ఆమే అయితే తీసుకొస్తా. కాకపోతే, రాగానే బోదె నరుకుతా. ఇంకో కబురు ఎవరు తెచ్చినా వినను." వెళుతూ వెళుతూ భార్య పాత కోక ఒకటి సంచిలో పెట్టుకున్నాడు. చూస్తే గుర్తుపడుతుందని.

లారీలమీద కొంతదూరం, కాలినడకన కొంతదూరం, పడవమీద వాగు. సంతలో ఎండుచేపల వాసన గుప్పుమంది. మాట్లాడని ఆడమనిషి ఎక్కడుంటుందని అడగనక్కర్లేకపోయింది. టోపీ చేతబట్టుకుని దిక్కులు చూస్తున్న పరదేశిని చూడగానే చేపలమ్మే ఆడది పక్కకు తిరిగి నవ్వింది.

"ఇదిగో, ఇంకో మొగుడు దిగాడు మా దానికి. ఈయనకి కాస్త వయసు మళ్ళింది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దుంపల గుట్ట వెనక కూర్చున్న ఆడమనిషి ఆ నవ్వుకు తల ఎత్తలేదు. నీడ పడితే ఎత్తింది. రుటరోను చూసింది, అతని చేతిలో టోపీని చూసింది, సంచిలోంచి తొంగిచూస్తున్న కోక కొసను చూసింది. అతను ఏ సైగా చేయకముందే ఆమె తలగుడ్డ వెనక్కి తోసి, ముఖాన్ని వెలుగుకు తిప్పింది. ఎడమవైపు చూపింది. కుడివైపు చూపింది. రెండు అరచేతులూ చాపింది. మోచేతులు, ఆ తరవాత మెడ వెనక. ఎవరెవరో వచ్చి ఏ మచ్చలకోసం, ఏ కాలిన గుర్తులకోసం వెతికారో, అవన్నీ వరసగా, అలవాటు పడ్డ పనిలా చూపించింది. అంతా అయ్యాక కెమిరెంబే కాని ఆ ముఖంతో అతనికేసి జాలిగా చూస్తూ తల అడ్డంగా ఊపింది.

చేపలామె నవ్వు ఆపేసింది. "కూర్చో పెద్దాయనా," అంటూ చేపల తట్ట జరిపింది. "అది నా చెల్లెలు. పుట్టు చెవిటిది. ఈ సంత దాటి ఎక్కడికీ పోలేదు. మీ కొండలనుంచి ఎంతమంది వస్తారో దీనికోసం. ఒకడు తన పెళ్ళామేనని చెయ్యి పట్టుకు లాక్కుపోబోయాడు. కాదంటే కూలబడిపోయాడు. కొట్టడానికి వచ్చిన మావాళ్ళే వాడికి నీళ్ళిచ్చారు."

"గొంజాగా మనుషులు ఎవరూ ఇక్కడ..."

"ఎవరూ లేరయ్యా. చెవిటిది ఒకతె ఉంది. దాన్ని పట్టుకుని మీవాళ్ళు ఇంత కథ అల్లుకున్నారు."

చెవిటి ఆడమనిషి కాల్చిన దుంప ఒకటి తీసి, బూడిద తుడిచి, అతని చేతిలో పెట్టింది. రుటరో ఆమె ఎదుటే కూర్చుని దాన్ని తొక్కతో సహా తిన్నాడు. తిన్నంతసేపూ ఆమె అతన్ని చూస్తూనే ఉంది. లేచేముందు సంచిలోంచి కోక తీశాడు. ఇవ్వాలనుకున్నాడు, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

కొండకు తిరిగొచ్చాక డోలీ సంఘాన్ని పిలిపించాడు. సంఘం పెద్ద బగంబే ముంగిట్లో, మగవాళ్ళు బల్లలమీద, ఆడవాళ్ళు దూరంగా చాపలమీద కూర్చున్నారు. రుటరో చూసింది చూసినట్టు చెప్పాడు. దొడ్డిదారి కథకు వేరు ఆ చెవిటి ఆడమనిషి అని చెప్పాడు. మర్నాడు కెమిరెంబేకు బోదె పాతుతున్నాననీ, నాలుగు భుజాలు కావాలనీ అడిగాడు. ఎందరి శవాలనో మోసిన మనిషి తనకోసం అడగడం అదే మొదలు. భార్య శవాన్ని భర్త మోయకూడదు; అది ఆచారం.

 బగంబే గొంతు సవరించుకున్నాడు. సంఘం వదిలి అటు పోయిన మనిషిని సంఘం మోయాలా వద్దా అన్న ప్రశ్న ఉందన్నాడు. ఆ సంకోచం ఉత్తదని అందరికీ తెలుసు. బగంబే తమ్ముడు కూడా అటు పోయినవాడే.

ఒకడు, ఆ చెవిటిది నిజంగా చెవిటిదో కాదో మనకేం తెలుసు, మూగల కొట్టంవాళ్ళకు నటించడం నేర్పారు కదా అన్నాడు. ఇంకొకడు, ఆ సంత కాదు, దానికి ఆవలి సంత అన్నాడు. బన్యెంజా తల వంచుకుని కూర్చున్నాడు.

అప్పుడు చాపమీదనుంచి బొనబానా అనే ముసలమ్మ మాట్లాడింది. ఆమె కొడుకులిద్దరూ కిటోజో వెళ్ళారు.

"రుటరో, నీమీద నాకు కోపం లేదు నాయనా," అంది నెమ్మదిగా. "నీ పెళ్ళాం, నీ ఇష్టం. కానీ రేపు వీళ్ళంతా కలిసి ఆమెను మోశారంటే, కొండంతా ఒప్పుకున్నట్టే కదా. అప్పుడు నా పిల్లలు ఎక్కడున్నారని నేను చెప్పుకోవాలి?"

 సభ ఏమీ తేల్చకుండానే లేచింది. మగవాళ్ళు అతని కళ్ళలోకి చూడకుండా, ఒకరి వెనక ఒకరు, కాలిబాట పట్టారు.

మర్నాడు పొద్దున కెమిరెంబే చేత్తో నాటిన తోటలోనే నిండైన బోదెను చూసి నరికాడు. నీరు కారుతున్న దాని మొదలు ఆరేదాకా ఆగి, సంచిలోని కోక దానికి చుట్టాడు. పేరు చెప్పవలసింది ఇంటి పెద్ద. అతను బోదె దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, దాని మీద చెయ్యి వేసి, "నువ్వు కెమిరెంబేవి. నా భార్యవి. తుషబే తల్లివి," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "అకంపా తల్లివి," అన్నాడు. "పసరువల్ల కాదే. వంతెన లేకపోవడంవల్ల. నేనప్పుడే గట్టిగా అనాల్సింది, అందరి ముందూ."

దడి పక్కన నిలబడి ఉన్న తుషబే వచ్చి వెనక బొంగులు పట్టుకుంది. ఆడవాళ్ళు డోలీ మోయరు. ఇద్దరూ ఎత్తారు. గొయ్యి ఇంటి పక్కనే అయినా, శవం ఊరి బాటన ఒకసారి నడవాలి; అది తప్పించడానికి రుటరో ఒప్పుకోలేదు. నలుగురి డోలీ ఇద్దరి చేతుల్లో ఊగిసలాడింది. బాట పొడుగునా మూసిన తలుపులు. డోలీ పోతుంటే చేతిలో పని దించి లేచి నిలబడడం ఆ కొండ మర్యాద. బొనబానా గుమ్మంలో చిక్కుడుగింజలు ఏరుకుంటోంది. లేవలేదు. తల ఎత్తలేదు. చాటలో వేళ్ళు మాత్రం ఆగిపోయాయి.

మలుపులో బన్యెంజా ఎదురొచ్చాడు. తుషబేను పక్కకు తప్పించి వెనక బొంగుల కింద దూరాడు. కొంతదూరం పోయాక వెనకనుంచి అతని గొంతు వినపడింది.

"ముందు నువ్వుండకూడదు బావా. నువ్వు మొయ్యకూడదు."

"నిన్న సభలో చెప్పాల్సింది ఆ మాట."

"నేను ఆ కబురు తెచ్చినప్పుడు... నాకు నమ్మకం ఉండి కాదు. నువ్వు నేడో రేపో బోదె నరుకుతావని అంతకుముందే నీ ముఖంలో తెలిసిపోయింది. ఇంకొన్నాళ్ళు బతికుండనిద్దామని."

రుటరో నడుస్తూనే, "పోనీలే. బతికింది," అన్నాడు.

బోదెను దించి మన్ను కప్పుతుండగా తుషబే ఏడవడం మొదలుపెట్టింది. అంతవరకూ పొగచాటున ఏడ్చిన మనిషి, ఆ కొండకు కొత్తగా వినబడేలా, నోరారా, తల్లిని పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది. మూసిన తలుపుల వెనక పిల్లలు అదేమిటని అడిగి ఉంటారు. వాళ్ళలో చాలామంది ఏడుపు వినకుండానే పుట్టి పెరిగినవాళ్ళు. రుటరోకు ఏడుపు రాలేదు. పార చేతబట్టుకుని, కూతురు అలసిపోయేదాకా కదలకుండా నిలబడ్డాడు.

దినం ముగిశాక కర్మ కల్లును ఇంటింటికీ పంచాలి. రాని ఇళ్ళకు కూడా. రుటరో ముంతలు పట్టుకుని బయల్దేరాడు. కొందరు గుమ్మంలో పెట్టి పొమ్మన్నారు. బగంబే ఇంట్లో లేడన్నారు. లోపల దగ్గు వినబడింది. చివరికి బొనబానా గుమ్మం ముందు ఆగాడు. ఆమె తలుపు తీసి, ముంతకేసి చూసింది. అందుకోలేదు.

"ఇది ఎవరి చావుదిరా నాయనా?"

"మా ఆవిడది, పెద్దమ్మా."

"ఆమె ఒక్కదానిదేనా?"

"ఒక్కదానిదే."

"మా పిల్లలది కాదుగా?"

ఏళ్ళ తరబడి తడి డోలీలను చేతులతో తడిమిన మనిషి ఆమె ముఖంలోకి చూశాడు.

"కాదు పెద్దమ్మా," అన్నాడు.

అప్పుడు బొనబానా రెండు చేతులూ చాపి ముంత అందుకుంది. గడపమీద కూర్చుని, కెమిరెంబే మంచి పిల్ల అంటూ, కొంచెం కొంచెంగా తాగింది.